కాగితాలు పరుచుకునే జాగా

గిరిబాబు చేసిన పనికి ఏ పేరు పెట్టాలో అమ్మన్నకి ఇప్పటికీ తెలియలేదు. ద్రోహం అందామంటే అది మరీ పెద్దమాట, పైగా వాడు స్వయానా భార్య తమ్ముడు. పొరపాటు అందామంటే అది మరీ చిన్నమాట. పొరపాటు చేసినవాడు నష్టపోవాలి కదా, వాడు శుభ్రంగా బాగుపడ్డాడు. అందుకని రైలింజన్లు బాగుచేసే షెడ్‌లో ఎవరైనా కదిపితే "మా గిరిబాబున్నాడే..." అని మొదలుపెట్టి, చేతిలోని స్పానర్‌ని ఓసారి చూసుకుని, మళ్ళీ పనిలో పడిపోతాడు. మిగతాది విన్నవాళ్ళు ఊహించుకోవలసిందే. ఆ శ్రమ లేకుండా జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే సంగతి ఇదీ.

తొంభై ఐదో సంవత్సరం డిసెంబరు నెల, ఆదివారం పొద్దున్న. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మీద పొగమంచు పాల మీద మీగడలా కదలకుండా పడుకుని ఉంది. క్వార్టర్ల కప్పులు మాత్రం పైకి తేలి, ఎటో పోతూ పోతూ ఆగిన రైలుపెట్టెల్లా కనిపిస్తున్నాయి. అమ్మన్న వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, టీ గ్లాసు రెండు చేతుల మధ్యా పెట్టుకుని, ఊరి చివర లింగియాడీహ్‌లోని తన ఇంటి అరుగు మీద కాళ్ళు చాపుకున్నాడు.

ఆ ఇల్లు ఇంకా కట్టలేదు. స్థలం మాత్రం ఉంది. పదకొండేళ్ళ ఓవర్‌టైం అది. తాత పలాస నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చింది మొదలు ఆ వంశంలో అందరూ రైల్వే కప్పు కిందే పుట్టి, రైల్వే కప్పు కిందే పెళ్ళిళ్ళు చేసుకుని, రైల్వే కప్పు కిందే పోయారు. ఇంకో ఐదేళ్ళలో అమ్మన్న రిటైరవుతాడు. ఆ మర్నాటి నుంచి క్వార్టర్ ఇంకొకడిది. సొంత గోడకి సొంత మేకు కొట్టి చొక్కా తగిలించుకోవాలన్నది ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నాటి నుంచీ అతని కోరిక. ఆ మేకు ఏ గోడకో కూడా నిర్ణయమైపోయింది. అరుగు మీద కూర్చుంటే రైలు కూత వినపడాలి, రైలు కనపడకూడదు. పక్కన ఒక పనసచెట్టు. ప్రతి ఆదివారం ఆ చెట్టు అమ్మన్న కళ్ళ ముందు ఓ జానెడు పెరుగుతుంది.

ఆ పొద్దున్న చెయ్యవలసిన పని చాలా చిన్నది. కూతురు ఉషారాణికి కంప్యూటర్ కొనాలి. ఆర్డరు కాగితంలో ఒక్క గడి నింపాలి. అంతే.

ఉషారాణి బీకాం అయ్యాక ఏడాదిపాటు కంప్యూటర్ సెంటర్‌కి వెళ్ళింది. ఇంట్లోనే కూర్చుని పెళ్ళికార్డులూ, బళ్ళ పరీక్ష పేపర్లూ టైపు చేసి ఇస్తానంటోంది. మిషను ధరకి సరిగ్గా సరిపడేలా పీఎఫ్ లోను వచ్చింది. సెంటర్లో ఆ పిల్లకి పాఠాలు చెప్పిన హర్ష, బ్యాంకు ఆఫీసరుగారి అబ్బాయి, కాగితం అంతా తనే నింపి, మెమరీ గడి ఒక్కటీ వదిలేసి, ఆ పొద్దున్నే మంచులో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"నాలుగైతే నడుస్తుంది అంకుల్. ఎనిమిదైతే హాయి. ఇంట్లో అంతకుమించి అక్కర్లేదు. ఒక్కో ఎంబీ పదిహేను వందలుంది, ఆలోచించుకుని రాయండి" అన్నాడు.

"మెమరీ అంటే ఏటి బాబూ? దాని బుర్రా?"

"బుర్ర వేరే ఉంటుందండి. ఇది... మీరు బల్ల ముందు కూర్చున్నారనుకోండి. కాగితాలు పరుచుకోవాలి కదా. బల్ల ఇరుగ్గా ఉంటే ఒకటి తీసి ఇంకోటి పెట్టుకోవాలి. పెద్దదైతే అన్నీ ఒకేసారి పరుచుకోవచ్చు. కాగితాలు పరుచుకునే జాగా. అదీ మెమరీ."

జాగా అన్న మాట అమ్మన్నకి ఎక్కడో తగిలింది. మంచులో ఒక పొడుగాటి బల్ల పరుచుకుంటూ పోయింది. దాని మీద ఉషారాణి కాగితాలు, అటు చివర పనసచెట్టు నీడ. పదిహేను వందలన్న మాట అతని చెవి దాకా వచ్చి, లోపల ఖాళీ లేక వెనక్కి తిరిగిపోయింది.

"ఎనిమిది చాలు నాన్నా, పక్కా" అంది ఉషారాణి.

ఎనిమిది కావాలి. బాగానే ఉంది. కానీ ఎనిమిది కావాలంటే ఎంత రాయాలి? ఇది చదువుకున్న హర్షకి తెలిసే విషయం కాదు. ముప్పై ఏళ్ళు షెడ్‌లో గ్రీజు పూసుకున్నవాడికి తెలుస్తుంది. షెడ్‌లో ఒక బేరింగు కావాలంటే ఇండెంటులో రెండు రాయాలి. స్టోర్స్‌లో ఎర్ర పెన్సిలు పట్టుకుని ఒకడుంటాడు. వాడు కాగితం చదవడు, అంకె చూస్తాడు, సగానికి కోస్తాడు. ఒకటి రాస్తే అర మాత్రమే మిగులుతుంది, అర బేరింగు మీద ఏ ఇంజనూ నడవదు. రాసేవాడికి కోస్తారని తెలుసు, కోసేవాడికి పెంచి రాస్తారని తెలుసు, అలా ఇద్దరూ గౌరవంగా బతుకుతారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. కింద సంతకం ముందు, పైన అంకె తరవాత. అంకె అనేది దారిలో ఎక్కడో ఎవరో వేస్తారు. వస్తువుకి ధర ఉంటుందన్న ఊహ షెడ్‌లో ఎవరికీ రాదు. అక్కడ వస్తువులకి నంబర్లే ఉంటాయి.

హర్ష వెళ్ళిపోయాక అమ్మన్న ఖాళీ గడి కింద సంతకం పెట్టాడు. సరిగ్గా అప్పుడే గిరిబాబు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. గిరిబాబు స్టోర్స్‌లో క్లర్కు. ఎర్ర పెన్సిలు వాడిదే.

"ఏటి బావా, కంప్యూటరా? ఆ షాపు సేఠ్ నాకు బాగా తెల్సు. కాగితం నాకిచ్చీ, నాను సూసుకుంటాను. ఎంత కావాలి?"

అసలు అవసరం ఎంతో స్టోర్స్ వాడికి చెప్పడమంటే గొర్రెపిల్ల బరువు కసాయివాడికి చెప్పడమే. అమ్మన్న బావమరిది కళ్ళలోకి చూడకుండా, "పదహారు" అన్నాడు. "పదహారంటే పదహారే. తగ్గితే పని జరగదు."

గిరిబాబు మనసు కరిగిపోయింది. ఇరవై ఏళ్ళలో వాడితో ఎవరూ ఇంత నిజం చెప్పినట్టు అనిపించలేదు. బావ తనని బయటివాడిలా చూడలేదు. పాపం, అమాయకుడు, కావలసింది కావలసినట్టే చెప్పేశాడు. సేఠ్ మాత్రం తక్కువవాడా? దుకాణమైతేనేం, అదీ స్టోర్సే. ఆ అమాయకత్వం కాపాడవలసిన బాధ్యత తనదే అనుకున్నాడు గిరిబాబు.

సోమవారం వాడికి డ్యూటీ. పక్క లైనులో ఉండే గార్డు బంగార్రాజు బజారుకి వెళుతుంటే కాగితం అతని చేతిలో పెట్టి, "ముప్పై రెండని సెప్పు బంగార్రాజన్నా. గట్టిగా సెప్పాల" అన్నాడు.

బంగార్రాజు గూడ్సు బండి గార్డు. దారిలో ఆగిన ప్రతి స్టేషన్లో కూరగాయలు బేరమాడి, బండి చివరి బ్రేక్‌వాన్‌లో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. అడగవలసినదానికి రెట్టింపు అడిగి, సగం దగ్గర ఆగడం అతనికి ఊపిరి తియ్యడం లాంటిది. దుకాణంలో ఎత్తు బల్ల మీద మోచెయ్యి పెట్టి, "అరవై నాలుగు" అన్నాడు.

సేఠ్ కలం ఆగింది. "చౌసఠ్? ఏ ఆఫీసుకి?"

"ఆఫీసేటి? ఇంటికి. పిల్ల టైపు సేసుకోడానికి" అని బంగార్రాజు, సేఠ్ బేరం మొదలుపెడతాడని చూశాడు. సేఠ్ మొదలుపెట్టలేదు. రెండు చేతులా కాగితం అందుకుని, గడిలో అరవై నాలుగు వేసి, టీ తెప్పించాడు. ఇంత తేలిగ్గా అయిపోయిన బేరం బంగార్రాజు బతుకులో లేదు. తన గొంతులో ఉన్న గాంభీర్యమే కారణమనుకుని, టీ తాగి వచ్చేశాడు.

అడిగింది అడిగినట్టే ఇచ్చేవాడు లోకంలో ఒకడుంటాడని ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

వారం తిరక్కుండా కాలనీ అంతా పాకింది. అమ్మన్న ఇంటికి వచ్చే మిషను డివిజన్ ఆఫీసులో కూడా లేదట. షెడ్ ఫోర్‌మన్ ఆగి మరీ భుజం మీద చెయ్యి వేశాడు. వెనక లైను అప్పయమ్మ గిన్నెడు సున్నుండలు తెచ్చి, "అమ్మన్న బాబూ, మీ ఇంట్లో రిజర్వేషన్ ఆఫీసు పెడతన్నారట గదా. పలాసకి నాకో కింద బెర్తు పడీసీ. మోకాళ్ళు లెగవ్వు" అంది. అమ్మన్న కాదనలేదు. సున్నుండ నోట్లో ఉంది. ఎనిమిదికే ఇంత గౌరవమా అని మాత్రం లోలోపల పొంగిపోయాడు.

ఆ పొంగులో ఉండగానే సేఠ్ స్వయంగా స్కూటరు మీద దూద్‌పేడాల పెట్టెతో వచ్చాడు. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు. హిందీలో నెమ్మదిగా, "అమ్మన్నా జీ, ఆర్డర్ పక్కా కదా? మాల్ కలకత్తా నుంచి మీ కోసమే రావాలి. తరవాత కాస్త తగ్గించుకుందామంటే నాకు కుదరదు" అన్నాడు.

అమ్మన్న వెన్ను నిటారుగా అయింది. వచ్చాడు. ఎర్ర పెన్సిలు వాడు ఇంటికే వచ్చాడు. తగ్గించడమన్న మాట ఎంత మెత్తగా తెచ్చాడో చూడు!

"తగ్గించడమా?" అని మంచం దిగాడు. "ఏక్ భీ కమ్ నహీ! కాగితం మీద ఏముందో అదే రావాలి సేఠ్. ఒక్కటి తగ్గినా మాల్ దింపనివ్వను. రైల్వేవాడి సంతకం అది!"

సేఠ్ గుండె మీద చెయ్యి వేసుకుని వంగి నమస్కారం పెట్టాడు. స్కూటరు వెళ్ళిపోయాక అమ్మన్న భార్య అప్పలనర్సమ్మ పెట్టె విప్పుతూ, "మర్యాదస్తుడిలాగున్నాడు" అంది.

"మర్యాద కాదే. బయం" అన్నాడు అమ్మన్న. ఆ పేడా రుచి అతనికి చాలాకాలం గుర్తుంది.

జనవరి మూడో వారంలో ఎండ నిమ్మపండు రంగులో ఉన్న ఒక మధ్యాహ్నం, రిక్షా మీద మిషను వచ్చింది. ఉషారాణి దానికి బొట్టు పెట్టి, హర్ష తీగలు కలిపి, మీట నొక్కగానే తెర మీద అంకెలు గబగబా లెక్కపెట్టుకుంటూ పోయాయి. ఎంతకీ ఆగలేదు. అవి పరిగెడుతుంటే అమ్మన్నకి స్టేషన్లో ఆగకుండా పోయే పొడుగాటి గూడ్సు బండి గుర్తొచ్చింది. పెట్టె తరవాత పెట్టె, పెట్టె తరవాత పెట్టె. హాయిగా చూస్తూ కూర్చున్నాడు. హర్ష ముఖం మాత్రం పాలిపోయింది.

"అంకుల్, ఇందులో అరవై నాలుగుంది."

"పేడాల్లాగే కొసరేసినాడేమో బాబూ."

కొసరు కాదని రిక్షావాడి చేతిలో ఉన్న బిల్లు చెప్పింది. లోను పోగా ఇంకా ఎనభై నాలుగు వేలు కట్టాలి. అమ్మన్న బిల్లుని ఒకసారి చదివి, తిరగేసి వెనక వైపు కూడా చూశాడు. అక్కడ ఏమీ లేదు. ఆ ఖాళీయే కాస్త బాగుందనిపించి అక్కడే చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రానికి వాకిట్లో పంచాయతీ కూర్చుంది.

"నీకు నాను పదహారని గదేట్రా సెప్పినాను!" అన్నాడు అమ్మన్న.

"పదహారొస్తాదనే ముప్పై రెండన్నాను బావా. నీ మంచికే" అన్నాడు గిరిబాబు. "ఇదిగో, ఈ బంగార్రాజన్న..."

"అరే, ముప్పై రెండు రావాలంటే అరవై నాలుగు అడగాలా వద్దా?" అని బంగార్రాజు ఎదురు తిరిగాడు. "వంకాయలు కొన్నావేటి నువ్వెప్పుడైనా? ఆడు బేరమే ఆడలేదు. ఏటి మనిషో!"

"పదహారేటి నాన్నా?" అంది ఉషారాణి మధ్యలో. "నేను ఆఠ్ కదా చెప్పాను. ఎనిమిది."

అందరూ అమ్మన్న వైపు తిరిగారు. అప్పలనర్సమ్మ వంటింటి గడపలో నిలబడి, పొయ్యి ఊదే గొట్టం చేత్తో పట్టుకుని, తీరిగ్గా అంది. "మొదటి రెట్టింపు ఇంట్లోనే అయ్యిందన్నమాట. మీరు ముగ్గురేనా? ఇంకో ఇద్దర్ని కూడా పంపకపోయారా బజారుకి, రైల్వే జోనంతటికీ సరిపోను."

మర్నాడు అమ్మన్న సేఠ్ దగ్గరికి వెళ్ళాడు. సేఠ్ మంచివాడు. కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు, మాల్ వాపస్ తీసుకోవడం మాత్రం కుదరదన్నాడు. "మీరే కదా అమ్మన్నా జీ, ఒక్కటి తగ్గినా ఊరుకోనన్నారు. ఆ మాట పట్టుకుని కలకత్తాలో డబ్బు కట్టేశాను." కాగితం మీద సంతకం చూపించాడు. చక్కటి సంతకం. అమ్మన్న దాన్ని కాదనలేకపోయాడు.

ఇక్కడే గిరిబాబు రెండోసారి మంచి చెయ్యడానికి పూనుకున్నాడు. వాడి మామగారు సోంపేటలో కొబ్బరితోట అమ్మి ఇచ్చిన డబ్బు బ్యాంకులో ఉంది.

"ఇనుకో బావా. ఈ మెమరీ బంగారం లాటిది. రేటు పడదు. సేఠ్‌ని అడుగు కావాలంటే. నీ లింగియాడీహ్ జాగా నా పేర రాసీ, ఆ ఎనభై నాలుగు వేలు నాను కట్టీస్తాను. నువ్వు ఎండాకాలం దాకా ఆగి, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇది అమ్మీ. నా డబ్బు నాకు పారీ. దసరాలోగా ఎప్పుడిచ్చినా సరే, అదే రేటుకి నీ జాగా నీకు. అప్ప మీద ఒట్టు."

"నా మీదెందుకురా ఒట్టు? నీ మీదేసుకో" అంది అప్పలనర్సమ్మ.

పెళ్ళిళ్ళ సీజన్‌కీ దీనికీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. బంగారమన్నాక పెళ్ళిళ్ళే గుర్తొస్తాయి. అమ్మన్నకి అప్పటికే కళ్ళ ముందు ఇంకో చిత్రం కదులుతోంది. మెమరీ రేటు పెరిగింది, జాగా వెనక్కి వచ్చింది, మిగిలిన లాభంతో అరుగు పక్కన ఇంకో గది కూడా లేచింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలికి సిరా రాసుకుంటున్నంతసేపూ ఆ కొత్త గదికి కిటికీ ఎటు పెట్టాలా అని ఆలోచించాడు.

హర్ష మిషను విప్పి చూస్తే ఆ అరవై నాలుగూ నాలుగు ముక్కల్లో ఉన్నాయి. వేలెడు పొడుగు పచ్చటి పట్టీలు, వాటి మీద నల్లటి గళ్ళు. ఒకటి లోపల వదిలేసి, మూడు బయటికి తీశాడు. చేత్తో ముట్టుకోకూడదనీ, తడి తగలకూడదనీ చెప్పి వెళ్ళాడు. అప్పలనర్సమ్మ వాటిని పసుపుగుడ్డలో కట్టి దేవుడి పటాల వెనక పెట్టింది. పదకొండేళ్ళ ఓవర్‌టైం, పనసచెట్టూ, అరుగూ అన్నీ కలిపి చూస్తే అగ్గిపెట్టె అంత ఉన్నాయి. డ్యూటీ నుంచి రాగానే అమ్మన్న కాళ్ళు కడుక్కుని ఆ మూట వైపు ఓసారి చూసేవాడు. గోడలు అందులోనే లేస్తున్నట్టు, లోపల ఎవరో మెల్లగా తాపీ ఆడిస్తున్నట్టు ఉండేది.

ఉగాదికి హర్ష పచ్చడి తినడానికి వచ్చి, "ఎంబీ పన్నెండు వందలకి వచ్చింది అంకుల్. ఇప్పుడే అమ్మేయండి" అన్నాడు.

"పడితే లెగుస్తాది. బంగారం పళ్ళేదేటి?" అన్నాడు గిరిబాబు.

ఆషాఢంలో జగన్నాథ రథం కదిలేసరికి ఎంబీ ఆరు వందలైంది. అమ్మన్న సేఠ్ దగ్గరికి పరిగెత్తాడు. సేఠ్ తన దుకాణంలో కొన్న రేటుకి అమ్ముడుపోని పట్టీల డబ్బా చూపించి, తనే ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అమ్మన్నే అతన్ని ఓదార్చి వచ్చాడు. బయట వాన సన్నగా, నిద్రలో మాట్లాడుతున్నట్టు పడుతోంది. ఆ వానలో లింగియాడీహ్ దాకా సైకిలు మీద వెళ్ళాడు. స్థలంలో గడ్డి మోకాలి దాకా పెరిగింది. మధ్యలో ఇటుకలు దిగి ఉన్నాయి.

"ఊరికే దింపించాను బావా. వానల్లో ఇటుక సవక" అన్నాడు గిరిబాబు, ఆ సాయంత్రం అడిగితే.

దసరాకి మూడు వందలు. గడువు దాటింది. పసుపుగుడ్డ విప్పి మూడు పట్టీలూ ఉషారాణి చేతిలో పెట్టి, "వాటి జాగాలో వాటిని పెట్టించీయమ్మా. పటాల వెనక అవేటి సేస్తాయి" అన్నాడు అమ్మన్న. హర్ష వచ్చి బిగించాడు. తెర మీద అంకెలు మళ్ళీ ఆ పొడుగాటి గూడ్సు బండిలా పరిగెత్తాయి. ఈసారి అమ్మన్న లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ మాఘమాసం వచ్చింది. ఉషారాణి పని బాగానే అందుకుంది. రెండు బళ్ళ పరీక్ష పేపర్లు, ఆ సీజన్లో నలభై పెళ్ళిళ్ళ కార్డులు. ఒక ఆదివారం పొద్దున్న, మంచు ఇంకా విడకముందే, గిరిబాబు కొత్త స్వెటరు వేసుకుని వచ్చి, గుమ్మంలో కాస్త తటపటాయించాడు.

"కార్డు కొట్టాలి ఉషమ్మా. గృహప్రవేశానిది. ఇంట్లో మిషనుండగా బయటికెళ్తే అప్ప ఏటనుకుంటాది? హిందీ ఒకేపు, తెలుగు ఒకేపు."

హిందీ వైపు ఉషారాణి చిటికెలో కొట్టేసింది. తెలుగు దగ్గర ఆగింది. మాట్లాడటం వచ్చుగానీ, ఆ పిల్లకి రాత అంతంతమాత్రం. "నాన్నా, జర్రా చెప్పవా? ఏ అక్షరం తరవాత ఏదో" అని పిలిచింది.

అమ్మన్న కుర్చీ పక్కన నిలబడి ఒక్కొక్క అక్షరమే చెప్పాడు. శ్రీరస్తు. శుభమస్తు. నూతన గృహము. స్థలము లింగియాడీహ్. "ల కి గుడి, సున్న, గ కి గుడి" అని వేలితో గాలిలో రాసి చూపించాడు. ఆ మంచు వెలుతురులో తెర మీద అక్షరాలు నీళ్ళలో నుంచి ఒక్కొక్కటే తేలుతున్నట్టు వచ్చాయి. చివర్న ఆహ్వానించువారు గిరిబాబు అని పడింది. కార్డు అందంగా ఉందని అప్పలనర్సమ్మ కూడా ఒప్పుకుంది. తరవాత తమ్ముడి కోసం టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది, చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

"ఈ కార్డుకి ఎంత జాగా పట్టిందమ్మా?" అని అడిగాడు అమ్మన్న.

ఉషారాణి ఏదో నొక్కి చూసింది. "అర ఎంబీ కూడా పట్టలేదు నాన్నా."

మిగిలిన అరవై మూడున్నరా ఖాళీగా అమ్మన్నకి ఉన్నాయి. పోయింది మాత్రం లింగియాడీహ్‌లో తూర్పు ముఖం స్థలం, రెండు వేల నాలుగు వందల చదరపు అడుగులు.